సంతకానికి ముందు మా పిల్లల పక్కన ఒక లాయర్ కావాలి: ఐటీ శాఖకు నల్గొండ నుంచి బహిరంగ లేఖ

తెలంగాణ ఐటీ, పరిశ్రమల శాఖ పెద్దలకు, టీ-హబ్ నిర్వాహకులకు, నల్గొండ, మహబూబ్‌నగర్ ఐటీ టవర్ల బాధ్యత చూస్తున్న అధికారులకు,

నమస్కారం.

నేను నల్గొండలో ప్రాక్టీసు చేస్తున్న చార్టర్డ్ అకౌంటెంట్‌ని. రైస్ మిల్లుల ఆడిట్లు, బట్టల షాపుల జీఎస్టీ, కాంట్రాక్టర్ల లెక్కలు నా రోజువారీ పని. కొన్నేళ్లుగా ఇంకో రకం క్లయింట్లు కూడా వస్తున్నారు. ఇంజినీరింగ్ చదివి, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కొంతకాలం ఉద్యోగం చేసి, ఊరికి తిరిగొచ్చి సొంతంగా కంపెనీ పెట్టుకున్న పిల్లలు వీళ్లు. హాలియా, దేవరకొండ, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు నుంచి వస్తారు. వాళ్ల తరఫున మిమ్మల్ని ఒక్కటే అడగదలచుకున్నాను.

పెద్ద టెక్నాలజీ కంపెనీల పెట్టుబడి విభాగాలు ఈ పిల్లల ముందు పెట్టే ఒప్పంద పత్రాలను, సంతకానికి ముందు, పిల్లల పక్షాన కూర్చుని చదివి చెప్పే న్యాయవాదిని ప్రభుత్వం ఏర్పాటు చేయాలి. నల్గొండ టవర్లో ఒకరు, మహబూబ్‌నగర్ టవర్లో ఒకరు ఉంటే చాలు. ఇది చిన్న కోరికలా కనిపించవచ్చు. ఎందుకు చిన్నది కాదో చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

మామూలు వెంచర్ ఫండ్‌కూ, పెద్ద కంపెనీ నడిపే వెంచర్ విభాగానికీ తేడా ఉంది. ఆ తేడా మన ప్రోగ్రాముల్లో ఎవరూ విడమరిచి చెప్పడం లేదు. మామూలు ఫండ్ నలుగురి దగ్గర డబ్బు పోగుచేసి, సుమారు పదేళ్ల గడువు పెట్టుకుని, ఆ లోపల లాభంతో తిరిగి ఇవ్వాలని చూస్తుంది. స్టార్టప్ వాటా ఎక్కువ ధరకు అమ్ముడుపోవాలన్నదే దాని కోరిక. ఆ ఒక్క విషయంలో ఫౌండర్ కోరికా అదే. పెద్ద కంపెనీ పెట్టే పెట్టుబడి, అంటే కార్పొరేట్ వెంచర్ క్యాపిటల్, అలా కాదు. అక్కడ పెట్టేది కంపెనీ సొంత డబ్బు. లాభం కావాలి, దాంతోపాటు తన అసలు వ్యాపారానికి ఉపయోగం కూడా కావాలి. కొత్త టెక్నాలజీ ఎటు పోతోందో ముందే తెలియడం, తన చిప్పులకో, తన క్లౌడ్‌కో (ఇంటర్నెట్ ద్వారా అద్దెకిచ్చే కంప్యూటర్ల సేవకో) గిరాకీ పెరగడం, రేపు కొనుక్కోదగ్గ కంపెనీ మీద ఇవాళే చెయ్యి వేసి ఉంచడం, ఇవన్నీ ఆ ఉపయోగంలోకి వస్తాయి. ఇందులో మోసమేమీ లేదు. వాళ్లు తమ వాటాదారుల బాగు చూసుకుంటున్నారు. మన పిల్లల బాగు చూసేవాళ్లు ఆ బల్ల దగ్గర లేకపోవడమే నా బాధ.

ఇంటెల్ సంగతి చూడండి. 1991లో మొదలైన దాని వెంచర్ విభాగం ఇంటెల్ క్యాపిటల్ ఇప్పటిదాకా 1,500కు పైగా కంపెనీల్లో పెట్టుబడి పెట్టింది. 2002లో వైఫై కంపెనీల కోసమే 15 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. 2003లో ఇంటెల్ చిప్పు, వైఫై కలిసి ఉన్న సెంట్రినో ల్యాప్‌టాప్‌లు మార్కెట్లోకి వచ్చాయి. వైఫై అన్నిచోట్లా దొరికితేనే ఆ ల్యాప్‌టాప్‌లు అమ్ముడవుతాయి, ల్యాప్‌టాప్‌లు అమ్ముడైతేనే ఇంటెల్ చిప్పులు అమ్ముడవుతాయి. పెట్టుబడి వెనక లెక్క అది. ఆ లెక్కలో వైఫై స్టార్టప్‌లూ బాగుపడ్డాయి, మనందరికీ వైఫై వచ్చింది. ఇద్దరి దారీ ఒకటే అయినప్పుడు ఈ డబ్బంత మంచి డబ్బు ఇంకోటి లేదు.

మన దేశంలో అందరికీ తెలిసిన ఉదాహరణ రిలయన్స్ గ్రూపులోని జియో ప్లాట్‌ఫామ్స్. 2020లో ఫేస్‌బుక్ 43,574 కోట్ల రూపాయలు పెట్టి 9.99 శాతం, గూగుల్ 33,737 కోట్లు పెట్టి 7.73 శాతం తీసుకున్నాయి. అదే ఏడాది ఇంటెల్ క్యాపిటల్, క్వాల్‌కామ్ వెంచర్స్ కూడా చిన్న వాటాలు కొన్నాయి. ఆ తర్వాత గూగుల్‌తో కలిసి చేసిన ఫోన్ వచ్చింది, వాట్సాప్‌లో జియోమార్ట్ సరుకులు ఆర్డర్ చేసే వీలొచ్చింది. పెట్టిన ప్రతివాళ్లకీ వాటాతోపాటు ఇంకో పని ఉంది. అయితే అక్కడ అవతలి పక్షం రిలయన్స్. ఒక్కో వాక్యం మీద పదిమంది లాయర్లను కూర్చోబెట్టగల సంస్థ. హాలియా నుంచి వచ్చిన ఇద్దరు పిల్లల పరిస్థితి వేరు.

వాళ్ల గురించే చెప్తాను. ఇద్దరూ అన్నదమ్ముల పిల్లలు. ఇంట్లో బత్తాయి తోట. చెట్ల వరసల మధ్య ఫోన్ పట్టుకుని నడిస్తే వీడియోలోంచి కాయ లెక్కగట్టి, తోట మొత్తానికి ఎన్ని టన్నులు దిగుతుందో అంచనా చెప్పే సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. బత్తాయి రైతుకు దీని విలువేంటో ఈ జిల్లాలో వేరే చెప్పక్కర్లేదు. వ్యాపారి తోటలో ఒక చుట్టు తిరిగి, కంటిచూపుతో లెక్కేసి, గుత్తకు ఒక రేటు చెప్తాడు. రైతు దగ్గర తన లెక్కంటూ ఉండదు. ఆ లెక్క రైతు చేతికివ్వాలని ఈ పిల్లల తాపత్రయం.

ఒక పెద్ద టెక్నాలజీ కంపెనీ వెంచర్ విభాగం వీళ్లను ఏదో పోటీలో చూసింది, ముచ్చటపడింది, టర్మ్ షీట్ (పెట్టుబడి షరతులు రాసిన ముందస్తు పత్రం) పంపింది. దాన్ని ప్రింట్ తీసుకుని నా దగ్గరికి వచ్చారు. వెంట పెద్దబ్బాయి వాళ్ల నాన్న కూడా వచ్చాడు. "డబ్బు మంచిగనే ఇస్తమంటున్నరు మేడం, పేపర్లు ఎట్ల చెయ్యాలో చెప్పండి" అన్నాడు పెద్దబ్బాయి. వాళ్ల దృష్టిలో మాట అయిపోయింది, ఇక మిగిలింది ఫారాలు నింపడమే.

ఫారాలు నా పనే. డబ్బు వేరే బ్యాంకు ఖాతాలోకి రావాలి, 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి, కేటాయించిన 15 రోజుల్లో ఆ వివరాలతో పాస్-3 ఫారం వేయాలి, విదేశీ డబ్బయితే 30 రోజుల్లో రిజర్వ్ బ్యాంకుకు ఎఫ్‌సీ-జీపీఆర్ ఫారం పంపాలి. విలువకు మించి వచ్చిన పెట్టుబడి మీద వేసే ఏంజెల్ ట్యాక్స్ 2024 బడ్జెట్‌తో పోయింది కాబట్టి ఆ టెన్షన్ కూడా లేదు. ఇదంతా చిన్న ఊళ్లో ఉన్న ఏ సీఏ అయినా చేసిపెట్టగలడు. కానీ నేను పెన్సిల్ పట్టుకుని మొదటి పేజీ నుంచి చదువుతుంటే, ఆరో పేజీలో ఒక పేరా దగ్గర ఆగిపోయాను.

కంపెనీని ఎవరైనా కొంటామని వస్తే, ఆ ఆఫర్ కాగితాన్ని ముందు ఈ పెట్టుబడిదారుకు చూపించాలి. చూపించాక 45 రోజులు ఆగాలి. ఆ రేటుకే పెట్టుబడిదారు కొంటానంటే అతనికే అమ్మాలి. కాదంటేనే బయటివాళ్లకు. ఈ షరతును రైట్ ఆఫ్ ఫస్ట్ రెఫ్యూజల్ అంటారు. వినడానికి న్యాయంగానే ఉంది కదా, అదే రేటు ఇస్తానంటున్నాడు కదా అని చిన్నబ్బాయి అన్నాడు. నేను తెలుగులో నెమ్మదిగా చెప్తుంటే వింటున్న పెద్దబ్బాయి నాన్న కుర్చీలో ముందుకు జరిగి, "అంటే పూత మీద అడ్వాన్స్ తీసుకున్న తోట లెక్కనే గద మేడం. ఇంక వేరే బ్యారగాడు గేటు కాడికి గూడ రాడు" అన్నాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. పూత మీద ఒక వ్యాపారి దగ్గర అడ్వాన్స్ తీసుకున్న తోటను ఇంకో వ్యాపారి తిరిగి చూడడు. చూసి, లెక్కేసి, రేటు చెప్పాక చివరికి కాయ మొదటివాడికే పోతుందని తెలుసు. ఊరికే తన టైం ఎందుకు వృథా చేసుకుంటాడు? కంపెనీల కొనుగోలులోనూ అంతే. కొనదలచినవాళ్లు నెలల తరబడి ఖాతాలు చూడాలి, కోడ్ చూడాలి, లాయర్లకు లక్షలు కట్టాలి. అంతా చేసి ఒక రేటు కట్టాక అవతల ఇంకొకరు ఆ కష్టమేమీ పడకుండా అదే రేటుకు తన్నుకుపోతారంటే ఎవరూ ముందుకు రారు. పెట్టుబడిదారుకు పోటీ కంపెనీ అయితే అసలే రాదు, తన ఆఫర్ కాగితం శత్రువు చేతిలో పడుతుంది కాబట్టి. ఇక కొనేవాడు ఒక్కడే మిగిలాక రేటు ఎవరు చెప్తారో బత్తాయి రైతును అడిగితే తెలుస్తుంది.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి, లేకపోతే నేను కూడా పిల్లల్ని అనవసరంగా భయపెట్టినదాన్నవుతాను. ఫౌండర్లు తమ సొంత షేర్లు బయట అమ్ముకోవాలంటే ముందు మాకు చూపించాలన్న షరతు దాదాపు ప్రతి పెట్టుబడి ఒప్పందంలోనూ ఉంటుంది. తర్వాతి పెట్టుబడి రౌండులో తన శాతం తగ్గకుండా డబ్బు పెట్టుకునే హక్కు కూడా మామూలే. వాటితో భయం లేదు. మొత్తం కంపెనీ అమ్మకం మీద ఆ హక్కు అడిగితేనే ప్రమాదం. ఫౌండర్ల షేర్ల మీది హక్కుకూ, మొత్తం కంపెనీ మీది హక్కుకూ ఇంగ్లిష్‌లో పేరు ఒకటే. ఒక వాక్యంలో రెండు మూడు మాటలు అటూ ఇటూ అయితే ఒకటి ఇంకోటైపోతుంది. ఇరవై నాలుగేళ్ల పిల్లలు దాన్ని పట్టుకోవాలని ఆశించడం తప్పు.

తర్వాత మార్చుకోవచ్చులే అనుకుంటారు. టర్మ్ షీట్‌లో గోప్యత, కొన్ని వారాలపాటు వేరే వాళ్లతో మాట్లాడకూడదన్న షరతు తప్ప మిగతావి చట్టప్రకారం కట్టుబడేవి కావన్నది నిజమే. కానీ అందులో ఒప్పుకున్నదే షేర్‌హోల్డర్ల ఒప్పందంలోకి ఎక్కుతుంది, అక్కణ్నుంచి కంపెనీ ఆర్టికల్స్‌లోకి, అంటే దాని నియమావళిలోకి ఎక్కుతుంది. షేర్ల బదిలీ మీద ఆంక్ష ఆర్టికల్స్‌లో ఉంటేనే చెల్లుతుందని సుప్రీంకోర్టు 1991లోనే రంగరాజ్ కేసులో చెప్పింది. అందుకే ఏ లాయరైనా దాన్ని అక్కడ రాయించకుండా వదలడు. ఒకసారి ఎక్కాక మార్చాలంటే స్పెషల్ రిజల్యూషన్ (నాలుగింట మూడు వంతుల ఓట్లతో తీర్మానం) కావాలి, పైగా పెట్టుబడిదారు ఒప్పుకోవాలని ఒప్పందాల్లో సాధారణంగా రాసి ఉంటుంది. గొడవొస్తే మధ్యవర్తిత్వం సింగపూర్‌లో అని రాసి ఉండటం విదేశీ పెట్టుబడుల్లో సర్వసాధారణం. హాలియా నుంచి సింగపూర్ వెళ్లి వాదించుకునే స్తోమత ఎవరికుంది?

ఈ కథలో మంచి మలుపు కూడా ఉంది. హైదరాబాద్‌లో ఒక లా సంస్థను అడిగితే వాళ్లు చెప్పిన ఫీజు పిల్లల కంపెనీ ఖాతాలో ఉన్న డబ్బు కంటే ఎక్కువ. చివరికి నాకు తెలిసిన న్యాయవాది ఒకరు స్నేహం కొద్దీ చదివి, ఆ పేరాను మార్చి పంపమన్నారు. కొనేవాళ్లు వచ్చినప్పుడు పెట్టుబడిదారుకు సమాచారం ఇస్తాం, మీరూ వచ్చి పోటీ పడండి, అంతకుమించి హక్కు లేదు అని. రెండు రోజుల్లో అవతలి నుంచి మెయిల్ వచ్చింది, సరేనని. ఒక్క మాట వాదన లేదు. అడిగితే వదిలేసే షరతు అది. అడిగేవాళ్లు లేనిచోట అలాగే ఉండిపోతుంది.

వనపర్తి వైపు ఇంకో బృందం ఆ అడగడం చేయలేకపోయింది. చదవకుండా సంతకం పెట్టారు. ఇప్పుడు కొందామని వచ్చినవాళ్లు ఆర్టికల్స్ చూసి వెనక్కి వెళ్లిపోయారు. పెట్టుబడిదారు కొననూ కొనడు, వదలనూ వదలడు. ఆ పిల్లలు రాత్రీ పగలూ పనిచేసి నిలబెట్టిన కంపెనీ అది. నా కళ్ల ముందే నీరసించిపోతుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కావడం లేదు.

పెట్టుబడిదారే పోటీదారు కావడం ఊహ కాదు, జరిగిన చరిత్ర. 2013లో గూగుల్ వెంచర్స్ ఉబర్‌లో 25.8 కోట్ల డాలర్లు పెట్టింది, గూగుల్ పెద్దల్లో ఒకరు ఉబర్ బోర్డులో కూర్చున్నారు. తర్వాత రెండు కంపెనీలూ డ్రైవర్ లేని కార్ల మీద పడ్డాయి. 2016లో ఆయన బోర్డు నుంచి తప్పుకున్నారు. 2017లో గూగుల్ గ్రూపులోని వేమో ఉబర్ మీద దావా వేసింది. 2018లో ఉబర్ తన షేర్లలో 0.34 శాతం ఇచ్చి రాజీ పడింది. ఉబర్ అంతటిది కాబట్టి తట్టుకుంది.

న్యూక్లియస్ అనే చిన్న కంపెనీ ఇంట్లో గదుల మధ్య వీడియోలో మాట్లాడుకునే పరికరం చేసేది. 2016లో అమెజాన్ అలెక్సా ఫండ్ అందులో పెట్టుబడి పెట్టింది. 2017లో అమెజాన్ తన సొంత ఎకో షో తెచ్చింది, అదీ తెర మీద వీడియో కాల్ మాట్లాడే పరికరమే. 2020లో వాల్ స్ట్రీట్ జర్నల్ ఇలాంటి ఇంకొన్ని స్టార్టప్‌లు చెప్పుకున్న బాధ బయటపెట్టింది. పెట్టుబడి మాటలంటూ పిలిచారు, మా సమాచారం చూశారు, తర్వాత మాలాంటిదే తెచ్చారు అని వాళ్లు అన్నారు. తాము అలా వాడుకోలేదని అమెజాన్ అంది. ఎవరిది నిజమన్న చర్చలోకి నేను పోను. పెట్టుబడి చూసే బృందానికి ఇచ్చిన కాగితం అదే కంపెనీలో సరుకు తయారుచేసే బృందం బల్ల మీదికి పోకూడదని ఒప్పందంలో రాసి ఉంటే, కనీసం అడగడానికి ఒక ఆధారం ఉండేది. టర్మ్ షీట్‌లో సమాచార హక్కుల పేరా చదివేటప్పుడు నేను చూసేది ఇదే. మూడు నెలలకోసారి లెక్కలు అడగడం న్యాయం. రాబోయే ఏడాది ఏం తయారు చేయబోతున్నారో, ఏ కస్టమర్‌కు ఏ రేటు ఇస్తున్నారో అడిగితే అది పెట్టుబడిదారుకు కావలసిన సమాచారం కాదు.

ఈ సమస్య కంప్యూటర్లతో పుట్టింది కూడా కాదు. 1917, 1919 మధ్య డ్యూపాంట్ అనే రసాయనాల కంపెనీ అప్పటికి కుర్ర కంపెనీ అయిన జనరల్ మోటార్స్‌లో 23 శాతం వాటా కొన్నది. కార్పొరేట్ వెంచర్ క్యాపిటల్ చరిత్ర రాసేవాళ్లు చాలామంది ఇక్కణ్నుంచే మొదలుపెడతారు. డ్యూపాంట్ కార్లకు వేసే రంగులూ, సీట్లకు వాడే బట్టా అమ్మేది. 1947 వచ్చేసరికి జనరల్ మోటార్స్ కొన్న రంగుల్లో 68 శాతం డ్యూపాంట్‌వే. ఆ వాటా వల్లే ఆ అమ్మకాలకు దారి సుగమమైందని, ఇది పోటీని దెబ్బతీస్తుందని 1957లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చివరికి ఆ షేర్లు వదులుకోవాల్సి వచ్చింది. వాటా కొన్నవాడు సరుకు కూడా అమ్ముతుంటే, వాటా తీసుకున్న కంపెనీ బేరమాడే స్వేచ్ఛ తగ్గుతుందని తేల్చడానికి అక్కడ దాదాపు నలభై ఏళ్లు పట్టింది.

ఇవాళ రంగుల చోట క్లౌడ్ వచ్చింది. కృత్రిమ మేధ (ఏఐ) కంపెనీల్లో, మైక్రోసాఫ్ట్ ఓపెన్‌ఏఐలో, అమెజాన్, గూగుల్ ఆంత్రోపిక్‌లో వందల కోట్ల డాలర్లు పెట్టాయి. ఈ ఒప్పందాలను పరిశీలించి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది 2025 జనవరిలో నివేదిక ఇచ్చారు. వచ్చిన పెట్టుబడిలో పెద్ద భాగాన్ని మళ్లీ పెట్టినవాళ్ల క్లౌడ్ మీదే ఖర్చు పెట్టాలన్న షరతులు ఉన్నాయని అందులో చెప్పారు. ఇచ్చిన డబ్బు తిరిగి ఇచ్చినవాళ్ల ఖాతాలోకే అమ్మకంగా వస్తుందన్నమాట. మన పిల్లలకు వచ్చే చిన్న ఒప్పందాల్లోనూ దీని నీడ కనిపిస్తోంది. ఫలానా క్లౌడ్ తప్ప వేరేది వాడకూడదు, డేటా అక్కడే ఉండాలి అని. మొదట కొంతకాలం ఉచితంగా వాడుకునే క్రెడిట్లు ఉంటాయి కాబట్టి బరువు తెలియదు. అవి అయిపోయాక నెల బిల్లు చూసి, వేరే చోటికి మారదామంటే ఒప్పందం అడ్డం.

ఇంకో సంగతి ఫౌండర్లు అసలు ఆలోచించనిది. మామూలు ఫండ్‌కు పదేళ్ల గడువుంది, మధ్యలో మూటా ముల్లె సర్దుకుని పోలేదు. కార్పొరేట్ విభాగం ఆయుష్షు పైనున్న అధికారి ఇష్టం మీద ఉంటుంది. ముప్పై ఏళ్లకు పైగా నడిచిన ఇంటెల్ క్యాపిటల్‌ను విడదీసి స్వతంత్ర ఫండ్‌గా చేస్తామని 2025 జనవరిలో ప్రకటించారు. అదే ఏడాది వసంతంలో కొత్త సీఈఓ వచ్చి, లేదు, మాతోనే ఉంచుకుంటామన్నారు. అంత పేరున్న విభాగానికే ఇలా ఉంటే మిగతావాటి సంగతి చెప్పేదేముంది? 2000 ప్రాంతంలో పోటీపడి ఇలాంటి విభాగాలు తెరిచిన కంపెనీలు ఎన్నో, డాట్‌కామ్ పతనం తర్వాత మూసేసుకున్నాయి. పెట్టినవాళ్లు రెండో రౌండులో చెయ్యి వెనక్కి తీసుకుంటే బయటి ఫండ్లు కూడా అనుమానంగా చూస్తాయి. లోపల కూర్చున్నవాళ్లే పెట్టడం లేదంటే ఏదో ఉందనుకుంటారు. కారణం స్టార్టప్‌లో కాకుండా పెద్ద కంపెనీ బడ్జెట్‌లో ఉన్నా సరే, నష్టపోయేది స్టార్టప్పే.

ఇంత చెప్పానని పెద్ద కంపెనీల డబ్బు వద్దనడం లేదు. మన హైదరాబాద్‌లో పెరిగిన, కంపెనీల ఉద్యోగుల వ్యవహారాలకు సాఫ్ట్‌వేర్ చేసే డార్విన్‌బాక్స్‌నే చూడండి. 2021లో సేల్స్‌ఫోర్స్ వెంచర్స్ ముందుండి పెట్టుబడి పెట్టింది, 2022లో అది యూనికార్న్ (వంద కోట్ల డాలర్ల విలువ దాటిన కంపెనీ) అయింది, ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ కూడా చేరింది. ప్రపంచమంతా సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ చేయి పట్టుకుంటే తలుపులు తెరుచుకుంటాయి. హాలియా పిల్లలకు కూడా ఆ డబ్బు తీసుకోమనే చెప్పాను, తీసుకున్నారు. వాళ్ల సాఫ్ట్‌వేర్ నారింజ తోటల మీద మహారాష్ట్రలో పరీక్షించే అవకాశం ఆ కంపెనీ వల్లే వచ్చింది. వచ్చే డబ్బు రావాలి. వచ్చేటప్పుడు మన పిల్లల వైపు కూడా చదువుకున్న మనిషి ఒకరు కూర్చోవాలి.

మీరు ఇప్పటిదాకా చేసింది తక్కువేమీ కాదు. 2015లో స్టార్టప్‌ల కోసం టీ-హబ్ మొదలుపెట్టారు, 2023లో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో, ఇక్కడ నల్గొండలో ఐటీ టవర్లు తెరిచారు. ఇంటింటా ఇన్నోవేటర్ పేరుతో పల్లెల్లోని ఆలోచనలను పంద్రాగస్టు నాడు కలెక్టరేట్‌లలో స్టాళ్లు పెట్టి చూపిస్తున్నారు. పిల్లల్ని పెద్ద కంపెనీలకు పరిచయం చేసే వేదికలు కడుతున్నారు. పరిచయం అయ్యాక జరిగే మాటల దగ్గర మాత్రం వాళ్లు ఒంటరిగా ఉన్నారు. పిచ్ ఎలా చెప్పాలో నేర్పే క్లాసులు ఎన్నో ఉన్నాయి. టర్మ్ షీట్ ఎలా చదవాలో నేర్పే క్లాసు ఈ రెండు జిల్లాల్లో నేను చూడలేదు.

టవర్లో వారానికి రెండు రోజులు కూర్చునే న్యాయవాదికి ప్రభుత్వమే గౌరవ వేతనం ఇవ్వాలి. ఏ పెట్టుబడి కంపెనీ స్పాన్సర్‌షిప్ డబ్బూ అందులో కలవకూడదు, కలిస్తే అసలు ఉద్దేశమే పోతుంది. కంపెనీ చట్టం మీద పనిచేసినవాళ్లయి ఉండాలి, తెలుగులో చెప్పగలిగి ఉండాలి. ఎందుకంటే ఆ కుర్చీల్లో ఫౌండర్లతోపాటు డబ్బు సర్దిన అమ్మానాన్నలు కూడా కూర్చుంటారు, వాళ్లకూ అర్థం కావాలి.

దాంతోపాటు నమూనా పత్రాలు కావాలి. ఇది కొత్త ఆలోచన కాదు. అమెరికాలో స్టార్టప్‌లకు తొలి పెట్టుబడి పెట్టే వై కాంబినేటర్ సంస్థ 2013లోనే సేఫ్ అనే సాదా పెట్టుబడి పత్రాన్ని ఎవరైనా వాడుకునేలా ఉచితంగా పెట్టింది. అక్కడి వెంచర్ క్యాపిటల్ సంఘం పూర్తి ఒప్పందాల నమూనాలను ఉచితంగా ఇస్తుంది. మన చట్టానికి సరిపడే నమూనా టర్మ్ షీట్ ఒకటి మీ శాఖ పేరు మీద వస్తే, పక్కనే ప్రతి పేరాకూ తెలుగు వివరణ ఉంటే, పిల్లలు తమకొచ్చిన కాగితాన్ని దాని పక్కన పెట్టి చూసుకుంటారు. ఎక్కడ తేడా ఉందో అక్కడ వేలు పెట్టి అడుగుతారు. నల్గొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ ఉంది, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ ఉంది. కామర్స్, మేనేజ్‌మెంట్ విభాగాల అధ్యాపకులకు ఈ పని అప్పగిస్తే సంతోషంగా చేస్తారని నా నమ్మకం.

చివరిగా ఒకటి మీరే చేయగలిగింది ఉంది. పెద్ద టెక్నాలజీ కంపెనీలకు ఈ రాష్ట్రంతో చాలా పనులున్నాయి. షాద్‌నగర్ దగ్గర మేకగూడలో, అంటే నిన్నమొన్నటి ఉమ్మడి పాలమూరు గడ్డ మీద, మైక్రోసాఫ్ట్ డేటా సెంటర్ వచ్చింది. కరెంటు, నీళ్లు, రోడ్లు, అనుమతుల కోసం అలాంటి కంపెనీలు మీతో కూర్చుంటాయి, మీరు ఎంవోయూలు రాసుకుంటారు. ఆ ఎంవోయూల్లో ఒక పేరా చేర్చండి. ప్రభుత్వ ప్రోగ్రాముల ద్వారా వచ్చిన స్టార్టప్‌ల దగ్గర మొత్తం కంపెనీ అమ్మకం మీద తొలి హక్కు అడగబోమని, పెట్టుబడి బృందం చూసిన సమాచారం ఉత్పత్తుల బృందానికి ఇవ్వబోమని, మా క్లౌడే వాడాలని బలవంతం చేయబోమని వాళ్లతో రాయించండి. ఇవి మంచి కంపెనీలు ఎలాగూ ఒప్పుకునే మాటలే. హాలియా పిల్లలు అడిగితేనే రెండు రోజుల్లో ఒప్పుకున్నవాళ్లు, ప్రభుత్వం అడిగితే కాదంటారా?

ఈ లేఖ చదివి బడ్జెట్ కావాలి, ఫైలు కదలాలి, టైం పడుతుందని మీరు అనవచ్చు. అది నేను అర్థం చేసుకోగలను. అందాకా ఆగకుండా ఒక ఏర్పాటు చేసుకుందాం. శనివారం మధ్యాహ్నాలు నల్గొండ టవర్లో కూర్చోవడానికి నేను సిద్ధం. ఇక్కడి కోర్టులో ప్రాక్టీసు చేసే న్యాయవాదులు ఇద్దరు, హైదరాబాద్ నుంచి ఆ పేరా మార్చిపెట్టిన స్నేహితురాలు ఫోన్లో, మా వంతు చేస్తామన్నారు. మాకు జీతం వద్దు. తలుపు వేసుకుని మాట్లాడుకోవడానికి ఒక గది, ఒక ప్రింటర్ ఇప్పించండి. ఇలా కూర్చుంటున్నారని టవర్లో పనిచేసే స్టార్టప్‌లకు మీ తరఫున ఒక మెయిల్ పంపించండి. మహబూబ్‌నగర్‌లో కూడా ముందుకు వచ్చే సీఏలు, లాయర్లు ఉన్నారు. వాళ్లతో మాట్లాడే బాధ్యత నాది.

మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
ఒక చార్టర్డ్ అకౌంటెంట్,
నల్గొండ